ఊరి హాకీ జట్టు ఎవరి చేతిలో ఉంటే మేలు? హెర్షీ, మాంచెస్టర్, ఫోర్ట్ వేన్ చెప్పే మూడు కథలు

2025 జనవరి 5, ఆదివారం. మా అమ్మాయి ఒళ్లో సంచీ నిండా టెడ్డీబేర్ బొమ్మలు. మా ఐస్ హాకీ జట్టు హెర్షీ బేర్స్ మొదటి గోల్ కొట్టేదాకా ఎవరూ విసరకూడదు, అదీ అక్కడి పద్ధతి. గోల్ పడింది. ఆ తర్వాత కాసేపు ఐస్ కంటికి కనబడితే ఒట్టు. పై వరుసలవాళ్లు విసిరినవి కింద కూర్చున్నవాళ్ల తలల మీద పడుతుంటే, వాళ్లు వాటిని ఎత్తి మళ్లీ రింక్‌లోకి విసురుతున్నారు. గోధుమరంగు, తెలుపు, గులాబీ బొమ్మలు మోకాళ్ల ఎత్తున పేరుకుపోతే వాలంటీర్లు రెండు చేతులా తోసుకుంటూ పోగుచేశారు. లెక్క తేలేసరికి 1,02,343. బేర్స్ ఆడే జెయింట్ సెంటర్ అరీనాలో సీట్లు పదివేల అయిదొందల చిల్లర, అంటే తలకి దాదాపు పది బొమ్మలు! ప్రపంచ రికార్డు అది. బొమ్మలన్నీ సేవాసంస్థల ద్వారా పిల్లలకి చేరాయి.

మా చుట్టుపక్కల, అమెరికాలో పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్, మెకానిక్స్‌బర్గ్ వైపు, తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. హెర్షీ అంటే మనవాళ్లకి చాక్లెట్, పార్కు, చుట్టాలొస్తే తిప్పే చోటు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ హాకీ ఊరే. తాత, కొడుకు, మనవడు ఒకే రంగు జెర్సీల్లో ఒకే వరుసలో కూర్చోవడం చూశాక నా మనసులో ఒక ప్రశ్న పడింది. ఈ భాగ్యం కొన్ని ఊళ్లకే ఎందుకు దక్కుతోంది? కప్పు గెలిచిన జట్టుని కూడా పోగొట్టుకున్న ఊళ్లున్నాయి మరి.

ఈ ఆట సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పైమెట్టు నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్. దాని కింద అమెరికన్ హాకీ లీగ్, అంటే ఏహెచ్‌ఎల్. ఆ కింద ఈసీహెచ్‌ఎల్. కింది జట్టు పై జట్టుకి నారుమడి లాంటిది. నారు ఎదగగానే పీకి పొలంలో నాటుకున్నట్టు, బాగా ఆడే కుర్రాణ్ణి సీజన్ మధ్యలోనే పైకి పిలిపించుకుంటారు. అందులో తప్పులేదు, కింది లీగుల పనే అది. ఆ మడి ఎవరి పేరున ఉందన్న దగ్గరే ఊళ్ల తలరాతలు మారిపోతున్నాయి. కంపెనీదా, పై జట్టుదా, ఊరివాళ్లదా?

హెర్షీ: కంపెనీ కట్టిన ఊరు, కంపెనీ నిలిపిన జట్టు

జట్టు 1932లో పుట్టింది. మొదట్లో పేరు చాక్లెట్ బార్లు గుర్తొచ్చేలా బార్స్. అది ఆటలా కాక వ్యాపార ప్రకటనలా ఉందని న్యూయార్క్ పత్రికలవాళ్లు సణగడంతో 1936లో బేర్స్ అయింది. 1938లో ఇప్పటి ఏహెచ్‌ఎల్‌లో చేరింది. అప్పటినుంచీ కదల్లేదు. ఆ లీగులో ఇంతకాలం ఒకే ఊళ్లో ఆడిన జట్టు మరొకటి లేదు.

పాత అరీనా కట్టిన కాలం గుర్తుచేసుకోవాలి. దేశమంతా మాంద్యంలో మునిగి, పని దొరకడమే గగనమైన రోజులవి. చాక్లెట్ కంపెనీ పెట్టిన మిల్టన్ హెర్షీ తన ఊళ్లో కట్టడాలు ఆపలేదు, ఊరివాళ్ల చేతికి పని దొరికేలా ఒకదాని వెనక ఒకటి కట్టించుకుంటూ పోయాడు. 1936లో పూర్తయిన హాకీ అరీనా అందులో ఒకటి. ఇంజనీరు ఆంటన్ టెడెస్కో పలచని కాంక్రీటు పెంకుని పెద్ద కమానుగా వంచి పైకప్పు చేశాడు. లోపల ఒక్క స్తంభం కూడా అడ్డురాదు, ఏడువేల మందికి పైగా ఎక్కడ కూర్చున్నా పక్, అంటే బంతి బదులు ఆడే బిళ్ల, కనబడుతుంది. బాస్కెట్‌బాల్‌లో విల్ట్ ఛాంబర్లెయిన్ ఒకే మ్యాచ్‌లో వంద పాయింట్లు కొట్టింది కూడా ఈ కప్పు కిందే, 1962 మార్చి 2న. బేర్స్ 2002లో పక్కనున్న జెయింట్ సెంటర్‌కి మారారు.

ఇక యాజమాన్యం. జట్టు, పార్కు, హోటళ్లు అన్నీ హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్ అండ్ రిసార్ట్స్ చేతిలో ఉన్నాయి. ఆ సంస్థ హెర్షీ ట్రస్టుది. ట్రస్టు ఉన్నది మిల్టన్ హెర్షీ దంపతులు 1909లో పెట్టిన బడి కోసం, అంటే తల్లిదండ్రులు లేని పిల్లలకీ పేదపిల్లలకీ తిండి, ఇల్లు, చదువు ఇచ్చే బడి కోసం. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ఈ జట్టుని అమ్ముకుని డబ్బు వెనకేసుకోవాలనుకునే ఆసామి అంటూ ఎవరూ లేడు. కాలం మారినకొద్దీ బోస్టన్, ఫిలడెల్ఫియా, కొలరాడో, ఇలా పై జట్లు వచ్చాయి, పోయాయి. 2005 నుంచి వాషింగ్టన్ క్యాపిటల్స్‌తో పొత్తు. ఆటగాళ్లని వాళ్లు పంపుతారు, జట్టు మాత్రం ఊరిదే. పొత్తు తెగినా ఇల్లు పోదు.

ఫలితం కళ్లెదుటే ఉంది. ఏహెచ్‌ఎల్ విజేతకిచ్చే కాల్డర్ కప్పులు 13, ఏ జట్టుకీ లేనన్ని. 2009, 2010 వరసగా. మళ్లీ 2023, 2024 వరసగా. 2023 ఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, అదీ అదనపు సమయానికి వెళ్లి తేలింది. జనాభా పదిహేను వేలు కూడా లేని ఊరండీ ఇది!

ఇంత మెచ్చుకున్నాక కూడా దీన్ని అందరికీ దారి అని చెప్పలేను. వందేళ్ల కింద ఊరినే కట్టి, ఆస్తినంతా బడిపిల్లల పేర రాసిన మనిషి ప్రతి ఊరికీ దొరకడు. హెర్షీని చూసి ఆనందించవచ్చు గానీ అనుకరించడం కుదరదు.

మాంచెస్టర్: కప్పు వచ్చింది, జట్టు పోయింది

న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌కి 2001లో కొత్త అరీనాతో పాటు మోనార్క్స్ వచ్చింది. లాస్ ఏంజెలెస్ కింగ్స్ వాళ్ల నారుమడి. 2012లో, 2014లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన కింగ్స్ గోల్‌కీపర్ జొనాథన్ క్విక్ ఇక్కడ రాటుదేలి పైకి వెళ్లినవాడే. చిన్న ఊరికి అంతకంటే గర్వం ఏముంటుంది?

చిక్కల్లా దూరమే. మాంచెస్టర్ దేశానికి ఈ చివర, లాస్ ఏంజెలెస్ ఆ చివర. ఒక ఆటగాడికి దెబ్బ తగిలితే వాడి బదులు ఇంకొకణ్ణి రాత్రికి రాత్రి దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పంపాలి. 2015 జనవరిలో జట్లని పడమటి తీరానికి మారుస్తున్నట్టు ప్రకటించారు. ఎన్‌హెచ్‌ఎల్ జట్లు అయిదు తమ ఏహెచ్‌ఎల్ ఫ్రాంచైజీలని ఒకేసారి కాలిఫోర్నియాకి తరలించాయి. మోనార్క్స్ ఫ్రాంచైజీ లాస్ ఏంజెలెస్‌కి నలభై మైళ్ల దూరంలోని ఒంటారియో అనే ఊరికి. బదులుగా అక్కడున్న ఈసీహెచ్‌ఎల్ జట్టు మాంచెస్టర్‌కి. అంటే ఒక మెట్టు కిందికి.

ఆ ప్రకటన సీజన్ మధ్యలో వచ్చింది. మన జట్టు వెళ్లిపోతోందని తెలిసీ జనం మిగతా ఆటలకి వచ్చారు, కుర్రాళ్లు ఆడారు. ఆడటం అంటే మామూలుగానా! 50 మ్యాచ్‌లు గెలిచి లీగు పట్టికలో మొదటి స్థానం. జూన్ ఫైనల్ సిరీస్‌లో యూటికా కామెట్స్ మీద 4-1తో కాల్డర్ కప్. మాంచెస్టర్ చరిత్రలో అదే మొదటి కాల్డర్ కప్, అదే ఆఖరిది. పేరు నిలుపుకున్న ఈసీహెచ్‌ఎల్ మోనార్క్స్ నాలుగు సీజన్లు ఆడి 2019లో మూతపడింది.

కింగ్స్ వైపు నుంచి చూస్తే వాళ్లు చేసింది సబబే. పెంచేది వాళ్లు, ఖర్చు వాళ్లది, కుర్రాళ్లు దగ్గర్లో ఉంటే వాళ్లకే లాభం. అందుకే పై జట్టు సొంతంగా నడిపే పద్ధతి నాకు భయం కలిగిస్తుంది. ఎవరూ ద్రోహం చెయ్యకుండానే ఊరు నష్టపోతుంది. ఈ పద్ధతిలో ఆట నాణ్యత బాగుంటుంది, రేపటి స్టార్లని పది గజాల దూరం నుంచి చూడొచ్చు. కానీ సీజన్ టికెట్లు నిండినా, కప్పు గెలిచినా, జట్టు ఉండాలా పోవాలా అన్న మాటలో ఊరికి పాలు లేదు.

హైదరాబాద్ వాళ్లకి ఈ బాధ కొత్తేమీ కాదు. డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో ఫ్రాంచైజీయే రద్దయింది. సన్‌రైజర్స్ వచ్చింది, మంచి జట్టే. ఆ 2009 కప్పుని మాత్రం ఎవరి ఖాతాలోనూ వేసుకోలేకపోయాం.

ఫోర్ట్ వేన్: పేరు దింపని ఊరు

ఇండియానాలోని ఫోర్ట్ వేన్ కథ దగ్గరకి వస్తే నాకు ఉత్సాహం ఆగదు. 1952లో మెమోరియల్ కొలీజియం అనే అరీనా తెరుచుకుంది, ఆ ఏడే కామెట్స్ జట్టు పుట్టింది (యూటికా కామెట్స్ వేరు, పేరొక్కటే కలిసింది). అప్పట్లో ఆడిన ఇంటర్నేషనల్ హాకీ లీగ్, అంటే ఐహెచ్‌ఎల్ విజేతకిచ్చే టర్నర్ కప్పులు 1963, 1965, 1973లో గెలిచింది. 1990లో అప్పటి యజమాని ఫ్రాంచైజీని న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి తీసుకుపోయాడు. అక్కడ అది ఒక్క సీజన్ కూడా నిండా ఆడకుండానే చేతులెత్తేసింది.

మాంచెస్టర్‌లో ఇక్కడికి కథ ముగిసేది. ఫోర్ట్ వేన్‌లో ఫ్రాంకీ అన్నదమ్ములు ముందుకొచ్చారు. మిచిగన్‌లోని ఫ్లింట్ జట్టు ఫ్రాంచైజీని కొన్నారు, అదే వేసవిలో ఫోర్ట్ వేన్‌కి తెచ్చారు, దానికి కామెట్స్ అనే పేరే పెట్టారు. దస్తావేజుల ప్రకారం అది ఫ్లింట్ జట్టు. ఊరి లెక్కలో 1952 నాటి జట్టే. ఒక్క చలికాలం కూడా ఖాళీ పోలేదు, పాత కప్పులు పాత లెక్కలోనే ఉన్నాయి. మూడేళ్లు తిరక్కుండానే 1993లో మళ్లీ టర్నర్ కప్.

ఆ తర్వాత వీళ్లకి లీగులే నిలవలేదు. పాత ఐహెచ్‌ఎల్ ఖర్చులు మోయలేనంత పెరిగితే 1999లో దిగువనున్న యునైటెడ్ హాకీ లీగ్, అంటే యూహెచ్‌ఎల్‌కి మారారు. వీళ్లు వదిలిన లీగు 2001లో మూతపడింది. యూహెచ్‌ఎల్ తర్వాత ఐహెచ్‌ఎల్ పేరు పెట్టుకుంది, 2008, 2009, 2010 మూడేళ్లూ కప్పు కామెట్స్‌దే. అదీ ఆగిపోతే సెంట్రల్ హాకీ లీగ్, అందులో 2012 కప్. అదే ఏడాది ఈసీహెచ్‌ఎల్. అక్కడ 2021లో ఆ లీగు విజేతకిచ్చే కెల్లీ కప్. కింద నేల కదులుతున్నా ఇల్లు కూలనివ్వలేదు వీళ్లు.

దీనికి వాళ్లు కట్టిన ధర కూడా చెప్పాలి. ఒకప్పుడు ఏహెచ్‌ఎల్‌కి దీటైన లీగులో ఆడినవాళ్లు ఇప్పుడు ఒక మెట్టు కింద ఉన్నారు. ఎన్‌హెచ్‌ఎల్ గుమ్మం ముందున్న కుర్రాళ్లు హెర్షీలో కనబడినంతగా ఇక్కడ కనబడరు. పైగా భారమంతా ఒక కుటుంబం మీద ఉన్నప్పుడు, వాళ్ల తర్వాత ఎవరన్నది నిజంగానే ఆలోచించాల్సిన సంగతి.

మరి ఏది మేలు?

ఆట నాణ్యత ఒక్కటే కొలబద్ద అయితే పై జట్టు సొంతంగా నడిపేదానికి ఓటెయ్యొచ్చు, అది మన ఊళ్లో ఉన్నన్నాళ్లూ. కప్పులు, నిలకడ రెండూ కావాలంటే హెర్షీని మించింది లేదు, ఆ అదృష్టం ముందే రాసిపెట్టి ఉంటే. మామూలు ఊరికి, వెనక చాక్లెట్ సామ్రాజ్యం లేని ఊరికి, నేను ఫోర్ట్ వేన్ దారినే మేలంటాను. ఆ ఊళ్లోనే ఉండే మనుషుల చేతిలో జట్టు, పేరు రెండూ ఉండాలి. లీగు ఒక మెట్టు తగ్గితే తగ్గనీ. పదేళ్ల పిల్లకి కావాల్సింది రేపటి స్టార్ ఎవరన్న సమాచారం కాదు, వచ్చే ఏడు కూడా అదే జెర్సీ వేసుకుని రావొచ్చన్న ధీమా.

కొత్తగా హాకీ అరీనాకి పన్నుల డబ్బు పెట్టబోయే ఊళ్లకి నా సలహా కూడా ఇదే. ఎన్ని సీట్లు, ఏ లీగు అని అడిగేముందు ఫ్రాంచైజీ ఎవరి పేరున ఉంటుందో, జట్టు వెళ్లిపోతే పేరు ఎవరికి దక్కుతుందో ఒప్పందంలో రాయించుకోవాలి.

ఫోర్ట్ వేన్‌లో డిసెంబర్ 31 రాత్రి ఇంటి గడ్డ మీద ఆడటం కామెట్స్‌కి ఏళ్లనాటి ఆనవాయితీ. కొలీజియం కూడా అదే పాతది, 2002లో పైకప్పుని పైకెత్తి సీట్లు పెంచుకున్నారంతే. మా ఇంటి నుంచి ఎనిమిది గంటల పైనే డ్రైవు. ఈసారి పులిహోర కట్టుకుని బయల్దేరదామని మా ఆవిడతో అన్నాను. మా అమ్మాయి మాత్రం బేర్స్ జెర్సీ వేసుకునే వస్తానని పట్టుబట్టి కూర్చుంది.