పాత ఫ్లాపీలు చదివిచ్చే షాపు, గవర్నర్‌పేట, విజయవాడ

పాతకాలం కంప్యూటర్లలో ఫైళ్లు దాచుకున్న ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ డిస్కులు ఇంకా అటకమీద దాచుకున్నవాళ్లు మన విజయవాడ, గుంటూరుల్లో ఉంటే ఈ షాపుకి తప్పకుండా వెళ్లండి. బీసెంట్ రోడ్డు పక్క సందులో, మేడమీద. బోర్డు మీద లాప్‌టాప్ సర్వీసనే ఉంటుంది, ఫ్లాపీల పని అడిగితేనే తెలుస్తుంది.

1989 నుంచి కొన్నేళ్లు గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేను డాస్ (అప్పటి ఆపరేటింగ్ సిస్టం), వర్డ్‌స్టార్ (టైపింగుకి), డీబేస్ (డేటా దాచడానికి), జీడబ్ల్యూ బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష) చెప్పాను. ఏసీ గది, చెప్పులు బయటే. మా మెషీన్లలో చాలావాటికి హార్డ్‌డిస్కు లేదు. ‘ఏ’ డ్రైవులో ప్రోగ్రాము ఫ్లాపీ, ‘బి’ డ్రైవులో పిల్లల ఫ్లాపీ. వర్డ్‌స్టార్‌లో అన్నిటికంటే ముందు నేర్పేది ఫైలు సేవ్ చేసే కంట్రోల్ కే ఎస్. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? ఫ్లాపీలో పట్టేది 360 కేబీ. ఇప్పటి ఫోనులో తీసిన ఒక్క ఫొటో అందులో పట్టదు, మాకు మాత్రం ఒక బ్యాచ్ పనంతా పట్టేది.

షాపతను ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు. డిస్కు చేతికివ్వగానే అంచునున్న గాటు మీద నల్ల టేపు అంటించాడు, పొరపాటున కూడా దానిమీద ఏదీ రాసే వీల్లేకుండా. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. టార్చి వేసి చూసి, “బూజు పట్టింది మేడమ్, ఇలాగే పెడితే డిస్కూ పోతుంది, డ్రైవులో దాన్ని చదివే హెడ్డూ పాడవుతుంది” అన్నాడు. తొడుగు అంచు కోసి, లోపలి పల్చటి బిళ్ల తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరాక వేరే తొడుగులో పెట్టాడు.

అసలు పని ఆ తర్వాతే ఉంది. వర్డ్‌స్టార్ మాటల చివరి అక్షరానికి ఎనిమిదో బిట్టు, అంటే అక్షరం కోడులో ఒక అదనపు గుర్తు, తగిలించేది, నోట్‌ప్యాడులో తెరిస్తే మాటల తోకలన్నీ పిచ్చిగుర్తులే. అవన్నీ తీసేశాడు. బేసిక్‌లో సేవ్ చేసేటప్పుడు చివర కామా, ‘ఏ’ పెట్టకపోతే ప్రోగ్రామును టోకెన్లుగా, అంటే మాటలకు బదులు కోడు గుర్తులుగా, దాచుకునేది. వాటిని ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటరులా నడిచే ప్రోగ్రాములో) తెరిచి మామూలు టెక్స్టుగా మార్చాడు. మూల ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు వేరే ఫోల్డరులో ఇచ్చాడు.

చాలా ఫైళ్ల మీద తేదీ 1980 జనవరి 1. “ఇవి సరిచేయమంటారా మేడమ్?” అని అడిగాడు. “వద్దు బాబూ, అలాగే ఉండనీ” అన్నాను. డాస్ మొదలవగానే తేదీ అడిగేది, పిల్లలు ఆత్రంగా ఎంటర్ కొట్టేసేవాళ్లు, బ్యాటరీ గడియారం లేని మెషీను ఆ తేదీయే వేసేది. వాటిలో తాడికొండ నుంచి వచ్చే ఒక అబ్బాయి రాసిన ప్రోగ్రాము దొరికింది. మిర్చి యార్డులో వాళ్ల నాన్న అమ్మే టిక్కీల (మిర్చి బస్తాల) బరువు, ధర, కమీషన్ లెక్క. అది నడిచింది! తెరమీద మొత్తం వచ్చేసరికి నాకు కళ్లు చెమర్చాయి. పాఠం చెప్పిన వారంలోనే ఇంటి లెక్క రాసుకొచ్చాడు వాడు.

లోపాలూ చెప్పాలి. మెట్లు బాగా నిటారు. పని ఎప్పటికవుతుందో ముందు చెప్పడు, మనమే ఫోను చేసి కనుక్కోవాలి. ఏ ఫోల్డరు ఏ ఫ్లాపీదో రాసివ్వలేదు, అడిగాక రాశాడు. ఫ్లాపీకి 300 రూపాయలు, చదవలేకపోయిన వాటికి పైసా తీసుకోలేదు.

వెళ్లేముందు ఒక్కమాట. మీ దగ్గర పాత డ్రైవున్నా ఫ్లాపీలు అందులో పెట్టి చూడకండి, బూజుతో ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్లండి.