బావియన్ కుర్రాడికి సింగపూరా, మలేషియానా?

ఇండోనేషియాలో జావాకు ఉత్తరాన ఉన్న బావియన్‌ని ‘ఆడవాళ్ళ దీవి’ అంటారు, మగవాళ్ళు తరతరాలుగా పని కోసం సముద్రం దాటడం వల్ల.

సింగపూర్: తాతల కాలంలో సులువు. సొంత ఊరివాళ్ళ పొండోక్‌లో (ఊరివాళ్ళంతా కలిసి ఉండే వసతి ఇల్లు) దిగితే పడక, తిండి, గుర్రాల దగ్గరో డ్రైవరుగానో పని, అన్నీ వాళ్ళే చూసేవాళ్ళు. ఇప్పుడు ఆ పొండోక్‌లు లేవు. జీతం ఎక్కువే, కానీ ఇండోనేషియా ఆడవాళ్ళకు ఇంటిపనికి దారి ఉన్నంతగా మగవాళ్ళకు కూలిపనికి లేదు.

మలేషియా: జీతం తక్కువ, ఖర్చూ తక్కువే. భాష దాదాపు సొంతం. కట్టుబడి పనుల్లో దీవివాళ్ళు ముందే ఉన్నారు, అందుకే పని దొరకడం తేలిక, దొంగదారిన వెళ్ళాలనిపించడం కూడా అంతే తేలిక. పర్మిట్ లేకుండా చొరబడి దొరికితే 10,000 రింగిట్ల దాకా జరిమానా, 5 ఏళ్ళ దాకా జైలు, పైగా బెత్తం దెబ్బలు. గల్ఫ్ ఏజెంట్లను చూసిన మనకు ఈ టెన్షన్ చెప్పక్కర్లేదు!

డిగ్రీ, చేతిలో ఆఫర్ ఉంటే సింగపూర్. మేస్త్రీ పని వచ్చి, అక్కడ బాబాయో మామయ్యో ఉంటే మలేషియా, అదీ కాగితాలన్నీ చేతికొచ్చాకే.