బిగ్ హౌస్: బెంచీ మీద దాదాపు ఇరవై సీజన్లు, అద్దాల గదిలో రెండాటలు

మిషిగన్ యూనివర్సిటీ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే చోటు మిషిగన్ స్టేడియం, ముద్దుపేరు బిగ్ హౌస్. నవంబరులో అక్కడ కూర్చుంటే చలి గాలిలోంచి రాదు, అల్యూమినియం బెంచీలోంచి తొడల్లోకి ఎక్కుతుంది. కాళ్ల కింద అట్టముక్క వేసుకోమని పక్క సీటు పెద్దాయన మొదటి ఏడాదే చెప్పారు. 2006 నుంచి నాది ఆ బెంచీయే. రంగు గీతల మధ్య ఒక నంబరు, అంతే. అందరూ లావు కోట్లు వేసుకొస్తే ఆ గీతల్లో ఎవరూ పట్టరు, సగం పక్కకి తిరిగి కూర్చుంటాం.

పైన సూట్లు (డబ్బున్నవాళ్లు, కంపెనీలు తీసుకునే అద్దాల గదులు), క్లబ్ సీట్లు (మామూలు బెంచీల కంటే ఖరీదైన, సౌకర్యమైన సీట్లు) కడతామన్నది ఆ రోజుల్లోనే. పెద్దాయన మండిపడ్డారు. ఆయనొక్కరే కాదు, 'సేవ్ ద బిగ్ హౌస్' అంటూ అభిమానులు ఉద్యమమే నడిపారు. 1927లో నేలలోకి తవ్వి కట్టిన గిన్నె ఇది, రోడ్డు మీంచి చూస్తే లక్ష మంది పట్టే చోటులా కనిపించేది కాదు. డాక్టరైనా మెకానిక్కైనా అదే బెంచీ. అలాంటిచోట ఒకడు అద్దాల వెనక సోఫాలో కూర్చోవడమేంటని వాళ్ల గోల. నేనూ తలూపాను.

22 కోట్ల 60 లక్షల డాలర్లతో పనులు పూర్తిచేసి 2010లో తెరిచారు. అప్పుడు తెలిసింది, మేం అసలు లెక్కే వేయని లాభం ఒకటుందని. అంతకుముందు ఎంత అరిచినా చప్పుడు ఆకాశంలోకి పోయేది. ఇప్పుడు సూట్ల కోసం లేపిన తూర్పు, పడమర గోడలకి తగిలి మన మీదికే వస్తుంది. 2011 సెప్టెంబరు 10న నోటర్ డామ్ యూనివర్సిటీ జట్టుతో ఇక్కడ ఆడిన మొదటి రాత్రి ఆట, 1,14,804 మంది. చివరి 72 సెకన్లలో రెండు జట్లవీ కలిపి మూడు టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం), 35-31తో మనదే గెలుపు. సోమవారం ఆఫీసులో నా గొంతు పెగల్లేదు.

సూట్ సంగతికొస్తే, మా బావ వాళ్ల కంపెనీ పుణ్యమా అని రెండుసార్లు వెళ్లా. వెచ్చగా ఉంటుంది, మెత్తటి కుర్చీ, బాత్రూమ్‌కి లైను లేదు. కానీ అద్దం మూసి ఉంటే కింది హోరు పక్కింట్లో పెళ్లిలా వినిపిస్తుంది. గదిలో సగం మంది టీవీకే అతుక్కుపోయారు. కింద జనం ఒక్కసారిగా లేచారు, మా టీవీలో ఇంకా బంతి విసరనే లేదు! బావ మాత్రం "ఇంతకంటే ఏం కావాల్రా" అంటూ ప్లేటు నింపుకున్నాడు.

ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే, చంటిపిల్లలుంటే సూట్ టికెట్ దొరికితే వదలకండి. ఆట కోసమైతే బెంచీయే.

ఒక సంగతి చెప్పాలి. ఆ కట్టడం సందర్భంలోనే చక్రాల కుర్చీ సీట్లు చాలడం లేదని పక్షవాత బాధిత మాజీ సైనికుల సంఘం కోర్టుకెళ్లింది. 2008లో రాజీ కుదిరి ఆ సీట్లు బాగా పెరిగాయి. మోకాళ్లు పోయాక మా పెద్దాయన ఇప్పుడు అక్కడే కూర్చుంటారు. విరామంలో పలకరించడానికి వెళ్తే, అద్దాల కేసి చూపించి ఇప్పటికీ తిడతారు. అట్టముక్క మానలేదు, చక్రాల కుర్చీ పాదాల పలక మీద పరుచుకుంటారు.