సౌత్‌పోర్ట్‌లో జులై 4: అమ్మానాన్నలతో వెళ్లేవాళ్ల కోసం

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను జులై 4కి, అంటే అమెరికా స్వాతంత్ర్య దినోత్సవానికి, ఎక్కడికి తీసుకెళ్లాలా అని కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలోని మా తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా చర్చే. నన్నడిగితే సౌత్‌పోర్ట్ అంటాను. మా నార్త్ కరోలినా రాష్ట్రంలోనే కేప్ ఫియర్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న ఊరు. జనాభా నాలుగు వేలు దాటితే గొప్ప, అందులోనూ రిటైరై వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది. అందుకే కాబోలు, ఊళ్లో ఎటు నడిచినా చెట్ల నీడ, కూర్చోవడానికి బెంచీలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి అదే పెద్ద సుఖం.

బస దగ్గరే ఇబ్బంది. ఊళ్లో హోటళ్లు తక్కువ. పక్కనున్న ఓక్ ఐలాండ్‌లో అద్దె ఇళ్లు బోలెడున్నా, పండగ వారంలో చాలావరకు వారం మొత్తానికే ఇస్తారు. మేం ఊరి బయట ఒక మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ ఏసీ పనిచేయలేదు. చెప్పినా తెల్లారేదాకా ఎవరూ రాలేదు. ఆ ఉక్కపోతలో పెద్దవాళ్లతో చాలా టెన్షన్ పడ్డాం.

ఈ ఉత్సవాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది కొత్తగా అమెరికా పౌరులయ్యేవాళ్ల ప్రమాణ స్వీకారం. రకరకాల దేశాలవాళ్లు చెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే ఊళ్లోని ముసలివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాన్న స్కూల్లో హెడ్మాస్టరుగా చేశారు, ఏటా ఆగస్టు 15న జెండా ఎగరేసిన మనిషి. ఆయన కళ్లు తుడుచుకున్నారు. పక్కనున్న మాజీ నావికుడొకాయన, టోపీ మీద తాను పనిచేసిన ఓడ పేరుంది, తన కుర్చీ నాన్నకిచ్చి ఇండియా గురించి ఎంతో ఆసక్తిగా అడిగారు. గ్రీన్ కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న మాలాంటివాళ్లకి ఆ ప్రమాణం వింటే గుండె బరువెక్కుతుంది. అయినా చూడాల్సిందే.

పరేడ్ బాగుంటుంది, కానీ ఎండ దంచేస్తుంది. గొడుగులు, మడత కుర్చీలు తప్పనిసరి. తిండికి హాట్‌డాగులు, వేయించిన రొయ్యలే ఎక్కువ, శాకాహారులకి పెద్దగా ఏమీ దొరకదు. ఐస్‌బాక్సులో పెట్టిన పెరుగన్నం, ఇంట్లో కలిపిన పులిహోర మమ్మల్ని ఆదుకున్నాయి.

నదికి అవతలున్న ఫోర్ట్ ఫిషర్‌కి వెళ్లే ఫెర్రీ మాత్రం వదలొద్దు. కారుతో సహా ఎక్కేయొచ్చు, సుమారు 35 నిమిషాల ప్రయాణం. గోదావరి మీద పంటెక్కినట్టుందని అమ్మ రెయిలింగ్ దగ్గర్నుంచి కదల్లేదు. ముందుగా టికెట్ బుక్ చేసే పద్ధతి లేదు, వచ్చిన వరుసలోనే ఎక్కిస్తారు. పండగ రోజున క్యూ పెద్దదే, పొద్దున్నే వెళ్లడం మేలు.

రాత్రి నది మీద బాణసంచా అయ్యాక ఊరి నుంచి బయటపడటానికి చాలా సమయం పట్టింది. అందుకే ఖర్చు ఎక్కువైనా నదికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు దొరికితే చలికాలంలోనే బుక్ చేసేయండి.