ఫోర్సుల లెక్కలకు మాగుంట లేఅవుట్ డౌట్ల క్లాసు ఎలా ఉందంటే

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో సాయంత్రం పూట ఇంటర్ ఫిజిక్స్ హోంవర్కుకి సాయం చేసే చిన్న క్లాసు ఇది. న్యూటన్ నియమాల చాప్టర్‌కి మాత్రం కళ్లు మూసుకుని పంపొచ్చు.

ఇక్కడ జవాబు చెప్పరు. "ముందు బొమ్మ గియ్యబ్బయ్యా, ఫార్ములా తర్వాత" అంటారు. 30 డిగ్రీల వాలు బల్ల మీద 5 కిలోల దిమ్మె, ఘర్షణ గుణకం 0.2, జి (గురుత్వ త్వరణం) విలువ 10 అనుకోండి. పిల్లలు అలవాటుగా అభిలంబ బలం (బల్ల దిమ్మెని తిరిగి నెట్టే బలం) 50 న్యూటన్లని రాసేస్తారు. అది సమతలం మీదే. వాలు మీద బరువులో కాస్ 30 (0.866) వంతే బల్లని నొక్కుతుంది, అంటే 43.3. ఘర్షణ 8.66, కిందికి లాగేది 25. మిగిలిన 16.34ని 5తో భాగిస్తే త్వరణం దాదాపు 3.27. 50 పెట్టే తప్పు దారిలో సరిగ్గా 3 వస్తుంది. గుండ్రంగా ఉంది కదాని పిల్లాడు నమ్మేస్తాడు, అదే గండం.

కప్పీ లెక్కలూ బాగా చెప్తారు. కప్పీకి రెండు వైపులా 3, 2 కిలోల బరువులు వేలాడుతుంటే తాడులో తన్యత (తాడు లాగే బలం) 30 కాదు, 24 న్యూటన్లు. 30 అయితే 3 కిలోలది కిందికి వేగం పుంజుకోదుగా!

లోపాలున్నాయి. జిరాక్స్ షీట్లలో ఒక లెక్కకి జి 9.8, పక్కదానికి 10. ఎక్కడా రాయరు, జవాబు కలవక పిల్లలు తల పట్టుకుంటారు. పరీక్షల ముందు బెంచీకి ఐదుగురు. వృత్తాకార చలనం మొక్కుబడే.