హైదరాబాదు వానల్లో సైకిల్ పంక్చర్: దారిలో ప్యాచ్ మేలా, ట్యూబు మార్చడం మేలా?

జూన్‌లో వానలు పడటం మొదలైతే నా సైకిల్‌కు పంక్చర్లు కూడా మొదలవుతాయి. తప్పంతా నీళ్లది కాదు. రోడ్డు మీద చెల్లాచెదురుగా పడి ఉన్న గాజు పెంకులు, మేకులు, లారీ టైర్లు చిరిగినప్పుడు రాలే సన్నని ఉక్కు తీగలు వాననీటికి కొట్టుకువచ్చి రోడ్డు అంచున పేరుకుంటాయి. ఈ నగరంలో సైకిల్ తొక్కేవాడికి మిగిలే చోటు కూడా ఆ అంచే. పైగా తడిసిన రబ్బరు పొడి రబ్బరు కన్నా సులువుగా తెగుతుంది. కాలేజీ ప్రయోగశాలలో రబ్బరు బిరడాకు రంధ్రం చేసే ముందు బోరర్‌ను నీటితో తడపడం చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ముందుగా దారిలో ఏం చేయాలన్నది చూద్దాం. మన ముందు మూడు మార్గాలున్నాయి: సొల్యూషన్ పూసి వేసే ప్యాచ్, కాగితం ఒలిచి అంటించే ప్యాచ్, కొత్త ట్యూబు. పొడి రోజుల్లో మొదటిదే మేలని ఇప్పటికీ నమ్ముతాను; సరిగ్గా వేసిన ప్యాచ్ ట్యూబు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అయితే అది పట్టాలంటే ట్యూబు పూర్తిగా ఆరి ఉండాలి, గరుకు కాగితంతో రుద్దిన చోట మెరుపు పోవాలి, పూసిన సొల్యూషన్‌లోని ద్రావకం ఆవిరయ్యే దాకా సుమారు ఐదు నిమిషాలు ఆగాలి. వానలో ఈ మూడింటిలో ఒక్కటీ కుదరదు. ద్రావకం ఆవిరవుతున్నప్పుడు రబ్బరు పైభాగం చల్లబడుతుంది కాబట్టి, గాలిలో తేమ బాగా ఉన్న రోజున మనం ఎంత తుడిచినా అక్కడ మళ్లీ తేమ చేరవచ్చు. ఒక ఆగస్టు సాయంత్రం మెహదీపట్నం నుంచి టోలిచౌకి వెళ్తూ, మూసిన దుకాణం చూరు కింద నిలబడి, చొక్కా అంచుతో ట్యూబు తుడిచి వేసిన ప్యాచ్ కిలోమీటరు దూరం కూడా నిలవలేదు. అక్కడి నుంచి సైకిల్ నడిపించుకుంటూ పంక్చర్ దుకాణానికి చేరితే, అతను ఊడిన ప్యాచ్‌ను గోటితో లాగి చూపించి, "తడి పోకుండా వేస్తే పట్టదు భాయ్" అని మాత్రం అన్నాడు. అంటించే ప్యాచ్‌కు కూడా తడి గిట్టదు. అది పట్టినా ఇల్లు చేరేంతవరకే అనుకోవాలి.

కాబట్టి వానాకాలంలో నా ఓటు ట్యూబు మార్చడానికే. టైరును రిమ్ము నుంచి ఊడదీసే రెండు టైర్ లివర్లు, చిన్న పంపు, వెనుక చక్రం నట్లతో బిగించిన సైకిల్ అయితే 15 మి.మీ. స్పానర్ (కొన్నిటికి కొలత వేరుగా ఉంటుంది, ఇంట్లోనే పెట్టి చూసుకోవాలి), ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక ట్యూబు ఉంటే, చేయి తిరిగినవారికి పది నిమిషాల పని. చిల్లు పడిన ట్యూబును ఇంటికి తెచ్చుకుని, కొద్దిగా గాలి కొట్టి, బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టి, మర్నాటికి ఆరాక నింపాదిగా ప్యాచ్ వేసుకుంటే అదే మళ్లీ సంచిలోని ట్యూబు అవుతుంది. అంటే ప్యాచ్‌ను వదిలేయమని కాదు, దాని చోటు రోడ్డు కాదు, వరండా అని చెప్పడం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పాత ట్యూబును తీసేటప్పుడు వాల్వు దగ్గర నుంచి చిల్లు ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో అదే చోట లోపలి వైపు వెతకాలి. ఉక్కు తీగ ముక్క రెండు మిల్లీమీటర్లే బయటికి వచ్చి ఉండవచ్చు. నల్లని తడి రబ్బరులో కంటికి ఆనదు. వేలితో తడిమితే వేలు తెగుతుంది, అందుకే గుడ్డ ముక్కను లోపల తిప్పాలి. దారపు పోగు ఎక్కడ చిక్కుకుంటే దొంగ అక్కడున్నట్టే. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే పది నిమిషాల్లో రెండో ట్యూబు కూడా పోతుంది.

ఇక పంక్చర్ పడకుండా చేసుకునే ఏర్పాట్లు. ట్యూబులో పోసే సీలెంట్ ద్రవాన్ని చాలామంది మెచ్చుకుంటారు, నాకు మాత్రం దాని మీద పెద్ద నమ్మకం లేదు. సన్నని ముల్లు చేసిన చిల్లును అది పూడుస్తుంది, నిజమే. కానీ గాజు పెంకు కోతను ఆపలేదు, లేటెక్స్ రకమైతే కొన్ని నెలల్లో, మన ఎండలకు ఇంకా త్వరగా, ఎండిపోతుంది. అది కారి జిగటైన ట్యూబుకు ప్యాచ్ పట్టించడం కూడా కష్టం. టైరుకూ ట్యూబుకూ మధ్య పరిచే ప్లాస్టిక్ పట్టీ తక్కువ ఖర్చుతో తీగలను, గాజును బాగానే ఆపుతుంది. అయితే దాని కొసను గుండ్రంగా కత్తిరించకపోతే ఆ కొసే ట్యూబును ఒరుసుకుని చిల్లు పెడుతుంది. లోపల రక్షణ పొర ఉన్న మందపాటి టైరు అన్నిటికన్నా మేలు. ష్వాల్బే మారథాన్ ప్లస్ వంటి దానిలో ఆ పొర 5 మి.మీ. మందం ఉంటుంది. బరువు, ఖరీదు రెండూ ఎక్కువే, తొక్కేటప్పుడు కాళ్లకు తెలుస్తుంది కూడా. రోజూ ఆఫీసుకు వెళ్లేవారు అది కొనలేకపోతే పట్టీతో సరిపెట్టుకోవచ్చు. ట్యూబ్‌లెస్ మాత్రం ఆదివారాలు గండిపేట వైపు మట్టి దారుల్లో సర్కారు తుమ్మ ముళ్ల మధ్య తిరిగేవారికి నప్పుతుంది; దానికి తగిన రిమ్ము కావాలి, సీలెంట్ నింపుతూ ఉండాలి, పెద్ద కోత పడితే కాలనీ దుకాణంలో పని జరగదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్‌కు సౌర ఫలకాల కప్పు ఉంది; అక్కడ మాత్రమే తొక్కేవారికి ఈ చర్చతో అంతగా పని లేదు.

ట్యూబు ఉన్న చక్రానికి వీటిలో ఏదీ ఆపలేని పంక్చర్ ఒకటుంది. నీళ్లు నిండిన గుంతలోకి చక్రం దిగితే ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. తడి రోడ్డు మీద పట్టు కోసం గాలి తగ్గించమని చెప్పే సలహా మంచిదే గాని, గుంత లోతు కనిపించని మన దారుల్లో దాన్ని అతిగా పాటిస్తే జరిగేది ఇదే. టైరు పక్కన అచ్చువేసిన పరిధిలో మధ్య అంకె కన్నా తగ్గకుండా నేను వారానికొకసారి గాలి చూసుకుంటాను.

పాతకాలపు రబ్బరు వాల్వు ట్యూబు ఉన్న సైకిళ్లకు టైరు విప్పే ముందు వాల్వును చూడాలి. ఆ చిన్న గొట్టం పాతబడి చీలితే ఏ ముల్లూ గుచ్చకుండానే గాలి దిగిపోతుంది. మామూలు రోజుల్లో వాల్వు మూతి మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూస్తారు. వానలో ఆ శ్రమ కూడా లేదు, అక్కడ నిలిచిన చినుకే ఉబ్బి పగులుతూ చెబుతుంది.