ట్రాన్స్‌గ్లుటమినేస్ పొడి: చానా రోజులు వాడినంక నా రివ్యూ

నల్లగొండల మాది చిన్న ల్యాబ్, జెలటిన్ హైడ్రోజెల్స్ల (నీళ్లు పట్టుకునే మెత్తటి జెల్లీ అసొంటివి) కణాలు పెంచే పని. ఆ జెల్ గట్టిగ కట్టేందుకు మైక్రోబియల్ ట్రాన్స్‌గ్లుటమినేస్ అనే ఎంజైమ్ వాడుతున్న. మాంసం ముక్కలు అతికించేందుకు ఫుడ్ కంపెనీలు వాడేది ఇదే, స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా నుంచి తీస్తరు.

ఉత్త జెలటిన్ జెల్ 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్ల పెడితే నీళ్లయితది, మే నెలల మా దగ్గర కరెంటు పోయిందంటే టేబుల్ మీదనే కరుగుతది. ఈ ఎంజైమ్ జెలటిన్ల ఉన్న గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లానికి ముడేస్తది, ఇగ ఆ ముడి వేడికి ఊడదు, మీడియంల (కణాలకు తిండి పెట్టే ద్రవం) రోజుల తరబడి ఉన్నా జెల్ అట్లనే ఉంటది. గ్లుటరాల్డిహైడ్ అనే కెమికల్‌తోటి కూడా గట్టిపడ్తది గానీ, మిగిలిపోయింది సరిగ పోకుంటే కణాలు చస్తయి. జెల్‌ను గట్టిపరిచే జెనిపిన్ అనే ఇంకో కెమికల్ మంచిదే, కాకపోతే జెల్ మొత్తం నీలం రంగు, మైక్రోస్కోప్ కింద చూసుడు తలనొప్పి. ట్రాన్స్‌గ్లుటమినేస్‌తోటైతే బయటికొచ్చేది జర అమ్మోనియా అంతే. ఇంకో సుఖం, దీనికి కాల్షియం అక్కర్లేదు, మన రక్తం గడ్డకట్టేటప్పుడు పనిచేసే ఇదే జాతి ఎంజైమ్ ఫ్యాక్టర్ 13కు కాల్షియం కావాలె, అది ఫాస్ఫేట్‌తోటి కలిస్తే అడుగుకు దిగుతది, దీన్నైతే ఫాస్ఫేట్ బఫర్ల (ల్యాబ్‌ల వాడే ఉప్పు ద్రావణం) హాయిగ కలుపుకోవచ్చు.

ఇగ తిప్పలు. ఫుడ్ గ్రేడ్ ప్యాకెట్ల ఎక్కువ భాగం మాల్టోడెక్స్ట్రిన్ అనే పిండి పొడే, అసలు ఎంజైమ్ కొంచెమే. సూక్ష్మజీవులు లేకుండ స్టెరైల్ చేద్దామని 0.22 మైక్రాన్ ఫిల్టర్ల పోస్తే జామ్ అయితది, ముందుగాల సెంట్రిఫ్యూజ్ తిప్పి పై నీళ్లు తీసుకుంటే నయం. ప్యాకెట్ విప్పినంక తేమ తగిలితే పవర్ తగ్గుతది, అందుకే చిన్న చిన్న ట్యూబులల్ల పోసి ఫ్రీజర్ల దాస్త. ఎండాకాలం కొరియర్ల తెప్పించినప్పుడల్లా జర భయమే, ఒకసారి వచ్చిన డబ్బా సగం పని కూడ చెయ్యలేదు, ఐస్ ప్యాక్ అడిగి పెట్టించుకోవాలె.

అన్నిటికన్న చికాకు ఏందంటే ఇది జెల్ కట్టినంక కూడ ఆగదు, లోపలనే ఉండి పనిచేస్తనే ఉంటది, ఇయ్యాల మెత్తగున్న జెల్ రేపటికి గట్టిగైతది, కణాలకేమో ఆ మెత్తదనమే ముఖ్యమాయె. కణాలు లేకుంటే వేడిచేసి ఎంజైమ్‌ను చంపొచ్చు, ఉంటే కుదరదు, డోసు తక్కువ పెట్టి ఓపిక పట్టుడే.

సూదితోటి ఎక్కించే జెల్ కావాలంటే మాత్రం ఇది వద్దు, చానా స్లో. హార్స్‌రాడిష్ పెరాక్సిడేస్ అనే ఇంకో ఎంజైమ్ సెకన్లల్లనే జెల్ కట్టగలదు, కాకపోతే ముందుగాల జెల్ చేసే పాలిమర్‌కు టైరమిన్ అనే చిన్న అణువు తగిలించాలె, అది పనిచేసేందుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపాలె, అది జర ఎక్కువైనా కణాలకు దెబ్బే. అచ్చుల పోసే జెల్స్‌కైతే నేను మళ్ల ఇదే కొంట. కొనేటోళ్లు గ్రాముకు ఎంత అని కాదు, యూనిట్ల (ఎంజైమ్ పవర్ కొలత) లెక్కన రేటు అడుగుండ్రి.